ఇమ్యూనిటీ తక్కువ కాదు, తొందరెక్కువ

ప్రశ్న: నా వయసు 34. పదేళ్లుగా పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. దుమ్ము దులిపిన రోజు మరీ ఎక్కువ. ఆ గదిలోంచి బయటికొచ్చి గంటలు గడిచాక, సాయంత్రానికి ముక్కు పూర్తిగా బిగుసుకుపోతుంది. జలుబు చేస్తే ఇంట్లో అందరికీ నాలుగైదు రోజుల్లో తగ్గేది నాకు రెండు వారాలు పడుతుంది, ఛాతీలోకి దిగుతుంది. రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ 9 శాతం, మొత్తం ఐజీఈ 640 అని వచ్చింది. మా అక్కకు ఐజీఈ నాకంటే ఎక్కువే ఉంది, కానీ తనకు ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు మరీ శుభ్రంగా ఉంచడం వల్లే ఇలా అయిందని ఒకరు, ఇమ్యూనిటీ తక్కువని ఇంకొకరు అంటున్నారు. ఇమ్యూనిటీ పెంచే పొడులు, మాత్రలు వాడమంటున్నారు. పుట్టుకతో వచ్చే రోగనిరోధక కణాలే అలర్జీని నడిపిస్తాయని ఈమధ్య ఎక్కడో చదివాను. అసలు నాకు ఇమ్యూనిటీ తక్కువా, ఎక్కువా? ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఈలోగా ఎవరో ఒకరు ఆ పొడి డబ్బా మీ చేతిలో పెట్టేలా ఉన్నారు. మీకు ఇమ్యూనిటీ తక్కువ కాదు. అలాగని అందరికంటే గట్టిగా ఉందనీ కాదు. ముక్కు లోపలి పొర దగ్గర కాపలా ఉండే కొన్ని కణాలు అవసరం లేని చోట, అవసరం లేనంత త్వరగా రేగిపోతున్నాయి. వాటిని ఇంకా ‘పెంచితే’ మీకు ఒరిగేదేమీ లేదు. వాటిని శాంతపరచాలి, అదీ రోజూ, ఓపిగ్గా. మీరు రాసిన సాయంత్రపు బిగింపు, అక్కతో తేడా, వదలని జలుబు, అన్నిటి వెనకా ఆ కణాలే ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన రక్షణ వ్యవస్థలో కొన్ని కణాలు అనుభవం మీద నేర్చుకుంటాయి. ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేసేవి ఇవే. ఇంకొన్ని పుట్టుకతోనే సిద్ధంగా ఉంటాయి: మాస్ట్ కణాలు, బేసోఫిల్స్, ఇసినోఫిల్స్, డెండ్రైటిక్ కణాలు వగైరా. మీరు చదివింది ఇలాంటి కణాల గురించే. అలర్జీ అనగానే అందరూ ఐజీఈ మాటే ఎత్తుతారు గానీ, ఐజీఈ ఒంటరిగా ఒక్క తుమ్మునైనా తెప్పించలేదు. దాన్ని పట్టుకుని స్పందించే కణం ఒకటి ఉండాలి. 1921లో కార్ల్ ప్రౌస్నిట్జ్, హైన్జ్ క్యుస్ట్నర్ అనే ఇద్దరు డాక్టర్లు చేసిన ప్రయోగంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. క్యుస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తం నుంచి తీసిన సీరమ్‌ను ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నాడు. కాసేపట్లోనే అక్కడ దద్దురు లేచింది. సీరమ్‌లో ఉన్న పదార్థం క్యుస్ట్నర్‌ది, దద్దురు లేపిన కణాలు మాత్రం చేప అలర్జీ లేని ప్రౌస్నిట్జ్ సొంత కణాలు. ఆ పదార్థమే ఐజీఈ అని తేలడానికి 1960ల చివరిదాకా పట్టింది.

ఆ దద్దురు లేపినవి మాస్ట్ కణాలు. పాల్ ఎర్లిష్ 1878లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, తన థీసిస్‌లో వీటిని వర్ణించాడు. కొన్ని నీలం రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఈ కణాల లోపల కిక్కిరిసిన గింజల్లాంటి రేణువులు నీలంగా కాక ఊదాగా కనిపిస్తాయి. మాస్ట్ కణాలు రక్తంలో తిరగవు. చర్మం, ముక్కు, ఊపిరి గొట్టాలు, పేగులు – బయటి ప్రపంచం ఒంటిని తాకే చోటల్లా సన్నటి రక్తనాళాల పక్కన, నరాల కొసల పక్కన స్థిరపడి ఉంటాయి. ఒక్కో కణం ఒంటినిండా ఐజీఈని తగిలించుకుని కూర్చుంటుంది. దుమ్ములో ఉండే మైట్ అనే కంటికి కనిపించని పురుగు తాలూకు ప్రొటీన్ వచ్చి, పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుందనుకోండి. కొద్ది నిమిషాల్లోనే ఆ మాస్ట్ కణం తన రేణువులన్నీ బయటికి గుమ్మరిస్తుంది. వాటిలో హిస్టమిన్ ముందే తయారై నిల్వ ఉంటుంది, అందుకే అంత వేగం. హిస్టమిన్ నరాన్ని తాకితే దురద, తుమ్ము. ముక్కులోని గ్రంథులు పొంగితే నీళ్లు. రక్తనాళాల గోడలు వదులైతే వాపు. మీరు దుప్పటి దులిపిన మరుక్షణం పడే అవస్థంతా ఇదే. ఇంత చేసినా ఆ కణం చచ్చిపోదు. మళ్లీ రేణువులు నింపుకుని తర్వాతి విడతకు తయారవుతుంది.

ఇక సాయంత్రం సంగతి. డాక్టర్ దగ్గర చెప్పుకునేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు, పొద్దుటి దుమ్ముకూ సాయంత్రపు బిగింపుకూ సంబంధం ఉంటుందని తట్టక. మీరు గమనించి రాశారు, మంచిదైంది. మాస్ట్ కణం హిస్టమిన్‌తో ఆగదు. తర్వాతి నిమిషాల్లో ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు తెచ్చే రసాయనాలను తాజాగా తయారుచేసి వదులుతుంది. ఆ తర్వాత గంటల తరబడి సైటోకైన్లనే రసాయన సందేశాలు పంపుతుంది. వాటిని అందుకుని రక్తంలో తిరిగే ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ ముక్కు పొరలోకి చొరబడతాయి. ఈ రెండో అల సుమారు 4 నుంచి 8 గంటల మధ్య వస్తుంది, ఒక్కోసారి మర్నాటిదాకా ఉంటుంది. ఇందులో తుమ్ములు తక్కువ, వాపు, బిగింపు ఎక్కువ. అలర్జీకి మామూలుగా వేసుకునే యాంటీహిస్టమిన్ మాత్ర తుమ్ముల్ని ఆపి బిగింపును ఆపలేకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ మాత్ర హిస్టమిన్ తన పని చేయకుండా అడ్డుకుంటుంది. మాస్ట్ కణాన్ని గానీ, దాని పిలుపు మీద వచ్చే ఇసినోఫిల్స్‌ను గానీ అది పెద్దగా పట్టించుకోదు.

రెండో అల మిగిల్చిపోయేది ఇంకొకటి ఉంది. ఒకసారి వాచిన పొర మర్నాడు అంతకంటే తక్కువ దుమ్ముకే రేగుతుంది. కాలిన చర్మానికి గోరువెచ్చటి నీళ్లు కూడా మంటగా తగిలినట్టే. అలర్జీ ఉన్న ముక్కులోకి వరుస రోజుల్లో పుప్పొడి పంపి చూసినప్పుడు, రోజులు గడిచేకొద్దీ మొదటి రోజుకంటే చాలా తక్కువ పుప్పొడే అదే బాధను తెచ్చిపెట్టింది. మందును ఇబ్బంది పెట్టిన రోజు మాత్రమే వేసుకోవద్దని, రోజూ వాడమని డాక్టర్లు పోరేది ఇందుకే.

మీ అక్క గురించి. మొత్తం ఐజీఈ అంటే రకరకాల ఐజీఈలన్నీ కలిపిన లెక్క. అందులో మైట్‌ను గుర్తుపట్టేది ఎంత అన్నది వేరే పరీక్షలో తేలాలి. అది కూడా ఎక్కువే ఉండి, బాధ లేనివాళ్లు ఉంటారు. ఐజీఈ ఉండటం ఒక ఎత్తు, దాన్ని మోసే కణం ఎంత త్వరగా రేగుతుందన్నది ఇంకో ఎత్తు. కొందరి బేసోఫిల్స్‌ను ప్రయోగశాలలో ఐజీఈ ద్వారా ఎంత రెచ్చగొట్టినా అవి చలించవు. ఇంకొందరివి రవ్వంత అలర్జెన్‌కే, అంటే అలర్జీ తెప్పించే పదార్థానికే, భగ్గుమంటాయి. రక్తంలోని బేసోఫిల్స్‌కు అలర్జెన్ తగిలించి, వాటి ఉపరితలం మీద సీడీ63 అనే గుర్తు ఎంత పెరిగిందో లెక్కగట్టే పరీక్ష కూడా ఉంది. ముక్కు అలర్జీకి అంతదూరం వెళ్లనక్కర్లేదు. చెప్పొచ్చేదేమంటే, 640 అన్న అంకె మీ బాధ తీవ్రతకు కొలమానం కాదు. అది 900 అయిందని భయపడొద్దు, 400కి దిగిందని మందు మానొద్దు. చికిత్స పనిచేస్తోందో లేదో చూడటానికి మళ్లీ మళ్లీ మొత్తం ఐజీఈ చేయించుకోవడం డబ్బు దండగ.

ఇసినోఫిల్స్ 9 శాతం గురించి రాశారు గానీ, మొత్తం తెల్లకణాల సంఖ్య రాయలేదు. శాతం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. మొత్తం తెల్లకణాలు మైక్రోలీటరుకు 7,200 ఉంటే అందులో 9 శాతం అంటే 648. మామూలుగా 500 లోపు ఉండాలి కాబట్టి కాస్త ఎక్కువ. మొత్తం 4,000 ఉంటే అదే 9 శాతం 360 అవుతుంది, అది మామూలే. రిపోర్టులో ‘యాబ్సల్యూట్ ఇసినోఫిల్ కౌంట్’ అని విడిగా ఉంటుంది, అది చూడండి. అలర్జీలో సాధారణంగా కొద్దిపాటి పెరుగుదలే కనిపిస్తుంది. 1,500 దాటి అలాగే నిలిచి ఉంటే అలర్జీయే అని సరిపెట్టుకోకుండా తప్పక వెతకాలి. పేగుల్లో నులిపురుగుల జాతి పరాన్నజీవులు, కొన్ని రకాల మందులు కూడా ఈ కణాలను పెంచుతాయి. ముఖ్యంగా స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ మాత్రలు వాడితే అది విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి మీ కౌంట్ బాగా ఎక్కువుంటే మల పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. ఇంకో సంగతి: స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఇసినోఫిల్స్ రక్తంలోంచి మాయమైపోతాయి. మాత్ర వాడుతూ పరీక్ష చేయించుకుని ‘తగ్గిపోయాయి’ అనుకునేవాళ్లు చాలామంది.

2010 తర్వాత ఈ కథలోకి కొత్తగా వచ్చి చేరినవి ఐఎల్‌సీ2 అనే కణాలు, ఇవీ పుట్టుకతో వచ్చేవే. మీరు చదివిన వ్యాసం బహుశా వీటి గురించే అయ్యుండాలి. వీటికి మైట్ అంటే ఏమిటో, పుప్పొడి అంటే ఏమిటో తెలియదు, ఐజీఈ అవసరం అసలే లేదు. ముక్కు, ఊపిరి గొట్టాల పైపొర దెబ్బతిన్నప్పుడు ఆ పొరలోని కణాలు ఐఎల్-33, ఐఎల్-25, టీఎస్‌ఎల్‌పీ అనే ప్రమాద సంకేతాలు వదులుతాయి. ఐఎల్‌సీ2 వాటిని అందుకుని ఐఎల్-5, ఐఎల్-13 అనే సైటోకైన్లను ధారాళంగా తయారుచేస్తుంది. ఐఎల్-5 ఇసినోఫిల్స్‌ను పెంచి పోషిస్తుంది, ఐఎల్-13 చీమిడిని పెంచుతుంది. మైట్ తాలూకు ప్రొటీన్లలో కొన్ని స్వయంగా ఎంజైములు. పొరలోని కణాల మధ్య అతుకుల్ని అవే కోసేస్తాయి, అంటే ప్రమాద సంకేతాన్ని కూడా అవే మోగిస్తాయి. పొగ చేసేదీ, జలుబు వైరస్ చేసేదీ ఇలాంటి పనే. ‘నాకు పొగకు అలర్జీ’ అని చాలామంది అంటారు. పొగకు ఐజీఈ ఉండదు. పొగ పొరను గాయపరుస్తుంది, ఆ గాయం అప్పటికే రేగి ఉన్న కణాలను ఇంకాస్త రేపుతుంది. మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే, ఎంత మంచి మందు వాడినా సగం ఫలితమే.

ఇప్పుడు జలుబు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ‘ఇమ్యూనిటీ తక్కువ’ అనేవాళ్ల మాటలో కొద్దిపాటి నిజం ఉన్నది ఈ ఒక్కచోటే. జలుబు వైరస్ చొరబడగానే ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని వెంటనే విడుదల చేసి దాన్ని అణచాల్సింది కూడా పుట్టుకతో వచ్చిన రక్షణే. ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు అందులో ఆరితేరినవి. కానీ అలర్జీ ఆస్తమా ఉన్నవాళ్లలో చాలామందికి ఈ కణాల ఇంటర్‌ఫెరాన్ స్పందన మందకొడిగా ఉంటుందని తేలింది. కారణం మళ్లీ ఐజీఈయే. ఈ కణాల మీద కూడా ఐజీఈ పట్టుకునే గ్రాహకాలున్నాయి. అలర్జెన్ వచ్చి వాటిని కదిపినకొద్దీ వైరస్‌ను ఎదుర్కొనే శక్తి సన్నగిల్లుతుంది. ఐజీఈని కట్టిపడేసే ఓమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ఆస్తమా పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు, జలుబులు విజృంభించే కాలంలో వచ్చే ఆస్తమా దాడులు తగ్గాయి. ఇమ్యూనిటీ పెంచే మందేమీ ఇవ్వలేదు వాళ్లకు, అలర్జీని అణిచారు, అంతే. వైరస్‌తో పోరాడే శక్తి దానంతటదే కొంత తిరిగివచ్చింది.

అందుకే జలుబు మీ ఛాతీలోకి దిగడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దిగినప్పుడు పిల్లికూతలు, రాత్రిపూట దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే అది ఆస్తమా కావచ్చు. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించుకోండి. బాగున్న రోజున మామూలుగా రావచ్చు, అలా వస్తే ఇబ్బంది ఉన్న రోజున మళ్లీ చేయమని అడగండి. ఐజీఈ మళ్లీ చేయించుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు ఉపయోగం.

పొడుల దగ్గరికి వద్దాం. ఏ పొడీ, ఏ మాత్రా ఈ ఇంటర్‌ఫెరాన్ లోపాన్ని సరిచేస్తుందని నిరూపణ కాలేదు. మీకు ఏదైనా విటమిన్ లోపం ఉందని పరీక్షలో తేలితే అది భర్తీ చేసుకోండి, అది వేరే విషయం. అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం ఈ సరుకులో నిజమైన ప్రమాదాలున్నాయి. ఎకినేషియా చామంతి కుటుంబపు మొక్క, ఆ జాతి పుప్పొడి పడనివాళ్లకు అది కూడా పడకపోవచ్చు. తేనెటీగల నుంచి వచ్చే రాయల్ జెల్లీ వాడి ఆస్తమా దాడి, అనాఫిలాక్సిస్ (ఒళ్లంతా ఒక్కసారిగా వచ్చే ప్రాణాంతక అలర్జీ) తెచ్చుకున్నవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇక ఏ పొడైనా వేసుకున్న రెండు రోజుల్లోనే అద్భుతంగా తగ్గిందంటే నాకు మొదట వచ్చే అనుమానం అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని. లేబుల్ మీద రాయకుండా కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడ్డాయి.

మరి ఏం చేయాలి? మీ లక్షణాలకు మొదటి మందు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. ఆ పేరు వినగానే వెనకడుగు వేయకండి. మాత్రకూ దీనికీ పోలిక లేదు, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఇసినోఫిల్స్ రాకను తగ్గించేది, అంటే మీ సాయంత్రపు బిగింపును తగ్గించేది ఇదే. పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. నాలుగు రోజులు కొట్టి పనిచేయలేదని పారేసినవాళ్లే ఎక్కువ. కొట్టే పద్ధతి కూడా ముఖ్యం. తల కాస్త ముందుకు వంచండి. ఎడమ ముక్కులో కుడి చేత్తో, కుడి ముక్కులో ఎడమ చేత్తో కొట్టండి. స్ప్రే కొస ముక్కు మధ్య గోడవైపు కాక బయటివైపుకు తిరిగి ఉండాలి, లేకపోతే మధ్య గోడ పుండై రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా పీల్చొద్దు, పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లతో చేసిన ఉప్పునీటితో ముందు ముక్కు కడుక్కుంటే స్ప్రే ఇంకా బాగా అంటుకుంటుంది. తుమ్ములు, దురద మిగిలితే సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్‌లలో ఒకటి. ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల మందు మాత్రం ఐదు రోజులు దాటించొద్దు, అలవాటైతే అదే బిగింపు తెస్తుంది. అలర్జీకని ఏటా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిపించుకునే అలవాటు అసలు వద్దు.

మైట్‌ను తగ్గించడానికి దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, గదిలో తేమ తగ్గించండి. పరుపుకు ప్రత్యేకమైన తొడుగు ఒక్కటీ వేసి ఊరుకుంటే పెద్ద ప్రయోజనం కనిపించలేదు. దుమ్ము దులిపే పని ఇంకెవరికైనా అప్పగించగలిగితే అప్పగించండి, లేదంటే మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

శుభ్రత వల్లే వచ్చిందన్న మాటకు కొంత ఆధారం ఉంది, కానీ మీకు వర్తించే విధంగా కాదు. అమెరికాలోని ఆమిష్, హట్టరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాల పిల్లలను పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. జన్యుపరంగా దగ్గరివాళ్లే, అయినా పశువుల మధ్య పెరిగే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 5 శాతం, యంత్రాలతో సేద్యం చేసే హట్టరైట్ పిల్లల్లో 21 శాతం. రెండు వర్గాల పిల్లల రక్తంలోని సహజ రక్షణ కణాలు, అంటే పుట్టుకతో వచ్చేవి, కూడా వేరుగా ఉన్నాయి. ఆమిష్ ఇళ్ల దుమ్ము ఎలుకలను ఆస్తమా నుంచి కాపాడింది. కానీ సహజ రక్షణ కణాలు సూక్ష్మజీవులను గుర్తించే మార్గాన్ని తీసేసిన ఎలుకల్లో ఆ ప్రభావం పోయింది. ఇదంతా పసితనంలో జరిగే తర్ఫీదు. 34 ఏళ్ల వయసులో దుమ్ము పీలిస్తే ఆ తర్ఫీదు జరగదు, తుమ్ములే పెరుగుతాయి. ఇల్లు శుభ్రంగానే ఉంచుకోండి.

స్ప్రే సరైన పద్ధతిలో రెండు మూడు నెలలు వాడినా లొంగకపోతే ఇమ్యునోథెరపీ గురించి అడగండి. అలర్జెన్‌నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్ గానో, నాలుక కింద మాత్రగానో ఇస్తారు. మొదట్లోనే మాస్ట్ కణాలు, బేసోఫిల్స్ రేగే గీత పైకి జరుగుతుంది, అంటే ఎక్కువ దుమ్ము తగిలితే గానీ అవి కదలవు. నెలలు గడిచేకొద్దీ నేర్చుకునే కణాలు కూడా దారికొస్తాయి. సాధారణంగా 3 ఏళ్లు వాడాలి, ఆపాక కూడా ఫలితం కొన్నేళ్లు నిలుస్తుంది. ఇంజెక్షన్ తీసుకున్న ప్రతిసారీ అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి. ఒంట్లోని మాస్ట్ కణాలన్నీ ఒక్కసారిగా రేగితే కావాల్సింది అడ్రినలిన్, అది అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు ఈ చికిత్స మొదలుపెట్టరు, ఊదే పరీక్ష ముందు చేయించుకోమన్నది అందుకు కూడా.

దానికి ముందు మీకు పడనిది మైటేనా, పుప్పొడో బూజో కూడా ఉందా అన్నది స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో తేల్చుకోవాలి. ఆ పరీక్షకు వారం ముందు నుంచి యాంటీహిస్టమిన్ మాత్ర ఆపాలి, లేకపోతే దద్దురు లేవక అలర్జీ లేదని తప్పుగా వస్తుంది. ముక్కు స్ప్రే ఆపనక్కర్లేదు. మాత్ర ఆపితే తట్టుకోలేననుకుంటే రక్తంలో మైట్‌కు ప్రత్యేకమైన ఐజీఈ చూసే పరీక్ష అడగండి, దానికి ఏ మందూ ఆపాల్సిన పని లేదు.